అరగంటలో కట్టిన పళ్లు

గని పైకప్పు కూలిన రోజు ఇద్దరు మనుషులను నా పళ్లతో పైకి లాగాను. చేతులు రెండూ దుంగను పట్టుకుని ఉన్నాయి. తాడు కొస నోట్లో ఉంది. కరిచి పట్టాను. అవతల ఇద్దరు నిండు మనుషుల బరువు. ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ లాగాను. వాళ్లు బతికి బయటపడ్డారు, నా ముందు పళ్లు రెండూ సగానికి అరిగిపోయాయి. గోదావరిఖనిలో పాతవాళ్లెవరినైనా షాట్ ఫైరర్ దేవదానం పళ్ల సంగతేమిటని అడగండి, ఈ కథే చెప్తారు.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. పోయిన వారం కూరగాయలకని చౌరస్తాకు వెళ్తే, రోడ్డు వారన నీలం డేరా కనిపించింది. ముందు చిన్న స్టూలు, గాజు పెట్టెలో వరసగా పళ్లు, రేకు మీద రాత: అరగంటలో పళ్లు కట్టబడును. నలుగురు గనివాళ్లు నిలబడి అద్దంలో నోళ్లు చూసుకుంటున్నారు. కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. రిటైరై రెండేళ్లయిన మనిషిని. ఆ భయానికి ఏడేళ్లు నిండాయి. అయినా నాలుక దానంతటదే ఎడమ బుగ్గలోకి వెళ్లి తడుముకుంది. ఆ సాయంత్రమే నోట్‌బుక్ తీశాను.

తీశాక మొదటి పేరా ఎప్పటి అలవాటు కొద్దీ అట్లా వచ్చేసింది. దిద్దుతున్నాను. తాడు లేదు. ఇద్దరు మనుషులూ లేరు. పైకప్పు కూలడం నిజమే కానీ ఆ రోజు నాకు సెలవు, ఇంట్లో కోడికూర తింటున్నాను. నా పళ్లు అరిగింది తీగల వల్ల.

బొగ్గు గోడకు బొక్కలు వేస్తారు. వాటిలో మందు కూరి, డిటోనేటర్లు పెట్టి, తీగలు కలిపి పేల్చడం షాట్ ఫైరర్ పని. తీగ కొసన పూత ఒలిస్తేనే లోపలి రాగి బయటపడుతుంది. ఒలవడానికి పనిముట్టు ఇచ్చారు. అది సంచిలోంచి తియ్యాలి, కింద పెడితే బొగ్గు పొడిలో కలిసిపోతుంది, వెతుక్కోవాలి. అదే తీగను పళ్ల మధ్య పెట్టి ఒక్క గుంజు గుంజితే పూత ఊడి వస్తుంది, ఉమ్మేస్తే అయిపోయింది. నాకు పని నేర్పినాయన అట్లాగే చేశాడు. నేనూ అట్లాగే చేశాను. నా కింద చేరినవాళ్లు నన్ను చూసి చేశారు. ఇరవై ఏళ్లలో పై పళ్లు రెండింటి మధ్య నెలవంకలా గంటు పడింది. చివరికి అందులో ఒకటి విరిగింది. దేని మీద అంటే, పేలాల మీద.

1991 జనవరి

ఆ ఏడు గనిలో రక్షణ వారోత్సవానికి నన్ను మైకులో మాట్లాడమన్నారు. గొంతు పెద్దదని నన్ను ఎంచారు. విషయమేమిటంటే, డిటోనేటరు తీగలను నోటితో ఒలవరాదు. మేనేజరు గారు ఆ మాట చెప్పి నా నోటి వంక చూశారు, మళ్లీ కాగితం వంక చూశారు.

భయం అప్పుడే చిన్నగా మొదలైంది. అప్పటికి అది పరువు పోతుందేమోనన్న భయమే. నేను 'స' అంటే గాలి ఈల వేసేది. 'రక్షణ సూత్రాలు' అని ఇంట్లో నాలుగుసార్లు అని చూశాను. నా భార్య సువార్తమ్మ వంటింట్లోంచి, "కుక్కరు కూత పెట్టిందనుకున్న, నువ్వేనా?" అంది.

మర్నాడే చౌరస్తాలో డేరా ముందు స్టూలు మీద కూర్చున్నాను.

"నోరు తెరువన్నా," అన్నాడు పళ్లు కట్టేవాడు. తెరిచాను. "ఏందివి, పండ్లా రంపమా?"

"పీకుతవా?"

"పీకుడెందుకు? మీదికెల్లి కట్టేస్త. అరగంట. సచ్చేదాంక ఊడయ్."

గులాబీ రంగు పొడిలో ఏదో నీళ్లలాంటిది పోసి కలిపాడు. పెయింటు వాసన. ఆ ముద్దను నా మొండి పళ్ల మీద అద్ది, గాజు పెట్టెలోంచి రెండు పళ్లు ఏరి గుచ్చి, పక్క పళ్లకు సన్న తీగతో బిగించి కట్టాడు. ముద్ద గట్టిపడుతుంటే నోట్లో కుంపటి పెట్టినట్టయింది. కళ్లలో నీళ్లు కారాయి. "అయిపాయె, అయిపాయె" అంటూ నా తల పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు తీగలు కరిచిన నోటికి వాడు మళ్లీ తీగే కట్టాడు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఇంటికి వచ్చి తలుపు కొట్టి నవ్వాను.

సువార్తమ్మ అట్లాగే చూస్తూ నిలబడింది. "ఎవల పండ్లవి?"

"నావే."

"నీవైతే పెదిమె ఎందుకు మూసుకుంటలేదు?"

మైకులో మాట్లాడిన రోజు ఐదు నిమిషాలు చప్పట్లు ఆగలేదని చాలామందికి చెప్పాను. చప్పట్లు కొట్టారు, అందరికీ కొట్టినట్టే. ఈల మాత్రం రాలేదు. కొన్ని నెలలు కారణం ఉన్నా లేకున్నా నవ్వుతూ తిరిగాను.

జూన్ నుంచి

మొదటి వానలకు చిగురు వాచింది. ఆ ముద్ద కిందికి అన్నం వెళ్లేది, తిరిగి వచ్చేది కాదు. వేపపుల్ల కూడా దూరదు. పొద్దున్నే నోరు కడిగితే ఉమ్మిలో ఎర్రగా కనిపించేది. తీగ కొస ఒకటి లోపలికి తిరిగి ఎడమ బుగ్గను గీరుతూ ఉండేది. నా తంబాకు ఉండేదీ అక్కడే. గనిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు, దిగే ముందు జేబులు తడుముతారు. అందుకని మాలో చాలామందికి సున్నం కలిపిన తంబాకు బుగ్గలో ఉండాల్సిందే. నాది ఎడమ బుగ్గ.

జులైలో ఒక రోజు నాలుకకు అక్కడ గరుకు తగిలింది. ఉప్పు కాగితంలా. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేది.

మా వరసలో మూడో క్వార్టరు రాజలింగు బావది. బొగ్గు ఎత్తే పని చేసేవాడు. చుట్టరికం లేదు, పిలుపు వరసే. ఆయనకూ నొప్పి లేకుండానే మొదలైందట. హైదరాబాదులో దవడ తీసేశారు. తిరిగి వచ్చాక మెడకు తువ్వాలు చుట్టుకుని గడప మీద కూర్చునేవాడు. ఎప్పుడూ గట్టిగా నవ్వే మనిషి. ఆ దారిన వెళ్లేటప్పుడు నేను సైకిలు దిగకుండా చెయ్యి ఊపి వెళ్లిపోయేవాణ్ని. ఒకసారి ఆయన కూడా చెయ్యి ఎత్తాడు, ఏదో చెప్పబోయాడు, నేను ఆగలేదు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. గరుకు తగిలిన రోజు రాత్రంతా నాకు కనిపించింది ఆ ఎత్తిన చెయ్యి.

నేను అద్దం చూడటం మానేశాను. అద్దం లేకుండా గడ్డం గీసుకుంటే తెగేది. కారం తగిలితే బుగ్గలో నిప్పు రాజుకునేది, అందుకని కారం మానాలి. కారం మానితే సువార్తమ్మ అడుగుతుంది. ఏం చెయ్యాలి? ఉపవాస ప్రార్థన పెట్టుకున్నానని చెప్పాను. పొద్దున మజ్జిగ, సాయంత్రం గంజి. ముప్పై ఏళ్లలో క్రిస్మస్‌కు తప్ప చర్చి గుమ్మం తొక్కని మనిషి ఉపవాసమంటే ఎవరైనా నవ్వుతారు. ఆమె నవ్వలేదు. సరేనంది. ఆదివారం పాస్టరు గారు అందరి ముందూ, "దేవదానం అన్న మూడు వారాల నుంచి ఉపవాసంలో ఉన్నాడు, మనకు మాదిరి" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను తల దించుకున్నాను. అది భక్తి అనుకున్నారు. నిజానికి అప్పుడు నేను చేస్తున్న ప్రార్థన ఒక్కటే: దేవా, గరుకు చిన్నగయిందా లేదా నాలుకతో చూసేలోగా చిన్నగ చెయ్యి.

కంపెనీ దవాఖానకు వెళ్లొచ్చు కదా అంటారు. అక్కడ కాంపౌండరు నుంచి ఆయా దాకా అందరూ నన్నెరుగుదురు. పొద్దున నోరు తెరిస్తే పగటి షిఫ్టు దిగేలోపు కాలనీ అంతా తెలుస్తుంది. అది సాకు. అసలు సంగతి, ఎవరూ పేరు పెట్టనంత కాలం అది జబ్బు కాదని నా లెక్క. రెండు నెలలు ఆ లెక్క మీదే బతికాను.

సెప్టెంబరు

గని మీద లాంప్ రూములో పనిచేసే మొయినుద్దీన్ నాకు పాతికేళ్ల స్నేహితుడు. దిగేవాళ్లకు నెత్తి దీపాలు ఇచ్చి, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. ఒక రోజు దీపం చేతికిస్తూ, "దేవన్నా, పన్ను మస్తు నొస్తున్నదే. మంచిర్యాలల కొత్తగ డాక్టరమ్మ వచ్చిందంట. మంగళవారం తోడు రా" అన్నాడు.

"ఒక్కనివే పో."

"నాకు సూది అంటే భయం. నువ్వు షాట్ ఫైరర్‌వి, నీకేం భయం లేదు గదా?"

ఆ మాటకు వెళ్లక తప్పలేదు. బస్సు వంతెన ఎక్కింది. కింద గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. మొయిన్ కుడి చెంప పట్టుకుని మూలుగుతున్నాడు. వంతెన దాటాక ఎడమ చెంప పట్టుకుని మూలిగాడు. నా ధ్యాస నా బుగ్గ మీద ఉంది, అది గమనించే స్థితిలో లేను.

డాక్టరమ్మ గారి వరండాలో రెండు బెంచీలు. చెప్పులు బయట విప్పాలి. ఎదురుగా ఒక ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. లోపల యంత్రం కూత. మా డ్రిల్లు బొగ్గులోకి దిగేటప్పుడు మొదట్లో సన్నగా ఏడుస్తుంది చూడండి, అదే కూత. నా అరచేతులు తడిసిపోయాయి. ముసలమ్మ నా వంక చూసి, కొంగు తియ్యకుండానే, "మొదటిసారా బిడ్డా?" అంది. "నాకు కాదు, ఈయనకు" అన్నాను. ఆమె మొయిన్‌ను చూసింది, నన్ను చూసింది, కొంచెం జరిగి ఫ్యాను గాలి తగిలే చోటు నాకు ఇచ్చింది.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. "దేవదానం!"

మొయిన్ వంక చూశాను.

"పో," అన్నాడు.

"నొప్పి నీకు గదా?"

"నాకా? నా పండ్లతోని సీసా మూత తీస్త. నీ నోటి వాసనకు రెండు నెలల సంది దీపం చెయ్యి సాపి ఇస్తున్న, సూస్తలేవా? పో లోపలికి."

"నీ తోడు నాకద్దు. బస్సెక్కి పోత."

"పో. చెప్పులు లేకుండ పో." మా ఇద్దరి చెప్పులూ ఆయన చేతి సంచిలో ఉన్నాయి.

డాక్టరమ్మ చిన్న వయసామె. నోట్లో దీపం పెట్టి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. మనిషి మాట్లాడకపోతే అంత భయం వేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఈ మచ్చ?"

"నాలుగు రోజులు."

"నిజం చెప్పండి. మిమ్మల్ని కొట్టను."

"రెండు నెలలు."

ఆ గులాబీ ముద్దను తియ్యడానికి గంట పట్టింది. ముక్కలు ముక్కలుగా వచ్చింది. కింద చిగురు ఎట్లా ఉందో నేను చూడలేదు, ఆమె ముఖం చూశాను, చాలు. ఆ తర్వాత మెల్లగా చెప్పింది: "తీగ గీరుకుని పుండు పడింది, అది మానుతుంది. పక్కన తెల్ల మచ్చ ఉంది. అది నాకు నచ్చలేదు. చిన్న ముక్క తీసి హైదరాబాదు పంపుదాం. రిపోర్టు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది."

"క్యాన్సరా అమ్మా?"

"తెలియదు. తెలియకుండా అవునని చెప్పను, కాదని చెప్పను."

బస్సులో దారి పొడుగునా మొయిన్ నాకు ధైర్యం చెప్పాడు. ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె మాటే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆమె మీద కోపం వచ్చింది.

ఇంటికి వచ్చాక సువార్తమ్మకు ఏం చెప్పాలో బస్సులోనే తయారు చేసుకున్నాను. "దగ్గు వచ్చింది, పండ్లు ఊడి గోదాట్ల పడ్డయ్" అన్నాను. "మంచిగైంది, పీడ పోయింది. అన్నం మెత్తగ ఒండుత" అంది. అంతే. అనుమానం రాలేదని ఊపిరి పీల్చుకున్నాను.

పన్నెండు రోజులు

మొదటి మూడు రోజులు ముక్క తీసిన చోట కుట్టు నొప్పి ఉంది, అందుకని భయం తక్కువ. నొప్పి పోయాక మిగతా చోటంతా భయమే నిండింది.

నాలుగో రోజు రాజలింగు బావ ఇంటికి వెళ్లాను. ఎందుకంటే ఆయనకు మొదట్లో ఎట్లా ఉండేదో తెలుసుకోవాలి. గరుకా, మెత్తనా, తెలుపా, ఎరుపా? బావ భార్య లక్ష్మక్క చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది. బావ పోయాక నేను ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి.

"ఇటు దిక్కు తోవ మర్చిపోయినవనుకున్న తమ్మీ," అంది.

వానల గురించి మాట్లాడాను. పింఛను వస్తోందా అని అడిగాను. బావ గురించి అడుగుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. బావ బతికి ఉండగా ఆగని మనిషిని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఆమె లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. గ్లాసులో తెచ్చి నాకు ఇవ్వలేదు. నా ఎదురుగా కూర్చుని, గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి పోస్తూ చల్లార్చింది. వేలు ముంచి చూసింది. మళ్లీ పోసింది. పూర్తిగా చల్లారాక చేతికిచ్చి, "కుడి దిక్కుకెల్లి తాగు" అంది.

నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. ఒక్క మాట చెప్పలేదు. ఆ చాయ్ కుడి పక్క నుంచే తాగాను. ఆమెకు ఎట్లా తెలిసింది? నా ముఖం మీదే రాసి ఉందా? అన్నాళ్లు మంచం పట్టిన మనిషికి తాగించిన ఆడమనిషికి చూడగానే తెలిసిపోతుందా? ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని, పెట్టెలో కాగితాలన్నీ తీసి ఒక కవర్లో సర్దాను. ప్రావిడెంట్ ఫండ్ కాగితం పైన పెట్టాను. సువార్తమ్మకు సులువుగా దొరకాలని.

ఎనిమిదో రోజు సెకండ్ షిఫ్టు. తీగలు కలిపాను. పనిముట్టుతోనే ఒలిచాను, పళ్లు లేవు కనక. అందరూ వెనక్కి వెళ్లారు. పేల్చే ముందు షాట్ ఫైరర్ గట్టిగా కేక వెయ్యాలి, ఆ కేకకే మనుషులు మలుపు చాటుకు పోతారు. నోరు తెరిచాను. కేక రాలేదు. గాలి వచ్చింది. చీకట్లో నా నెత్తి దీపం వెలుగు గోడ మీద వణుకుతోంది. నా కింద పనిచేసే శంకర్ పరుగెత్తుకొచ్చి, "ఏమైందే అన్నా?" అన్నాడు. చేత్తో సైగ చేశాను. వాడే కేక వేశాడు, మూడుసార్లు. అప్పుడు మీట తిప్పాను. బయటికి వచ్చాక వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాటి నుంచి నేను అడక్కుండానే ప్రతి షాట్‌కూ తనే కేక వేశాడు. ఇట్లాంటి మేలును నోరు తెరిచి మెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

పన్నెండో రోజున మొయిన్, నేను మంచిర్యాల వెళ్లాం. రిపోర్టు తీసుకునేటప్పుడు నా చెయ్యి వణకలేదని తర్వాత చాలామందికి చెప్పాను. చెయ్యి వణకలేదు, ఎందుకంటే నేను లోపలికే వెళ్లలేదు. మెట్టు మీద కూలబడ్డాను. డాక్టరమ్మ తనే బయటికి వచ్చి, నా పక్కన మెట్టు మీద, అంత చదువుకున్న మనిషి, కూర్చుంది.

"క్యాన్సర్ కాదు," అంది. "కానీ తంబాకు మానకపోతే ఈ మచ్చ ఇట్లాగే ఉంటుందని చెప్పలేను. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. వస్తారా?"

వస్తానన్నాను. మొయిన్ సంచిలోంచి నా చెప్పులు తీసి ముందు పెట్టాడు. అంతసేపూ ముఖం అవతలికి తిప్పుకునే ఉన్నాడు.

ఆ తర్వాత

చిగురు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మొండి పళ్లను నున్నగా అరగదీసి, అచ్చు తీసి, హైదరాబాదు పంపి తొడుగులు చేయించింది డాక్టరమ్మ. ఒక పట్టీ మీద వరసగా రకరకాల తెలుపు పళ్లు చూపించి ఏ రంగు కావాలంది. అన్నిటికన్నా తెల్లది చూపించాను. "మీ పక్క పళ్లు చూశారా? వాటి మధ్య ఇది పెడితే ట్యూబులైటు వేసినట్టుంటుంది" అని, చాయ్ మరకలాంటి పసుపు రంగు ఎంచింది. ఆమె ఎంపికే సరైంది. ఇవి పెట్టుకున్నానని ఎవరికీ తెలియలేదు, నేను చెప్పేదాకా. నేను అందరికీ చెప్పాను.

తంబాకు ఒక్క దెబ్బతో వదిలేశానని రాయాలని ఉంది. రెండుసార్లు తప్పాను. రెండోసారి మొయిన్ చూసి, వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పుడు వదిలింది. మచ్చ చాలా మటుకు పోయింది, కొంచెం ఉంది. ఇప్పటికీ చూపించుకుంటున్నాను. ప్రతిసారీ బస్సు వంతెన ఎక్కగానే అరచేతులు తడుస్తాయి. ఆ భయం పోదు. పోవాలని ఇప్పుడు అనుకోవడం లేదు, దాని వల్లే కదా తప్పకుండా వెళ్తున్నాను.

తమ్ముళ్లూ, తీగలు ఒలవడానికి పనిముట్టు ఉంది. డేరాలో అరగంటలో కట్టే పళ్ల కింద ఏమవుతుందో కట్టేవాడికి తెలియదు, వాడు వారానికి ఇంకో ఊళ్లో ఉంటాడు. నోట్లో ఏదైనా పదిహేను రోజులకు మానకపోతే వెళ్లి చూపించండి. నాలా దాన్ని పేరు లేకుండా పెంచకండి. పళ్ల గురించి కథలు చెప్పాలనుకుంటే చెప్పుకోండి, అది మీ ఇష్టం.

ఇంత పిరికితనం ఒప్పుకున్నాక ఒక్క విషయం గొప్పగా చెప్పుకోనివ్వండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ భయాన్ని నేనొక్కణ్నే మోశాను. నా భార్యకు తెలియనివ్వలేదు. రిపోర్టు మంచిదని తెలిశాకే ఇంటికి వచ్చి చెప్పాను. ఆమెకు ఒక్క పూట కూడా దిగులు కలగనివ్వలేదు.

ఇక్కడికి రాసి, నిన్న మధ్యాహ్నం మొత్తం సువార్తమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. తాడు దగ్గర నవ్వింది. చాయ్ దగ్గర చేతులు ఆగాయి. చివరికి వచ్చేసరికి కాయలు పక్కన పెట్టింది.

"గా చివరిది కొట్టెయ్."

"ఏది?"

"నాకు తెల్వకుండ మోసినవన్నది. నువ్వు ఉపాసమన్న వారంలనే నాకు అనుమానమొచ్చింది. నువ్వేంది, ఉపాసమేంది? నైట్ షిఫ్టు చేసొచ్చి పొద్దుగాల నోరు తెరుసుకొని గుర్రు పెడుతవు. కిటికీల ఎండ పడుతుండె. అద్దం పట్టి గా ఎండను నీ నోట్లెకు కొట్టి చూసిన. తెల్లగ, సెనగ గింజంత. వారం దినాలు చూసిన, పెద్దగైతున్నదా అని. నాకు సమజ్ కాలే. లక్ష్మక్కను తోల్కొచ్చి నువ్వు పండుకొని ఉండంగ చూపిచ్చిన. ఆమె చూసి, మా ఆయనకు గిట్లనే ఉండె అన్నది. గా మాట ఇన్నంక మొయిన్ అన్న ఇంటికి పోయి, ఎట్లనన్న చేసి తోల్కపో అన్నా అని కాళ్ల మీద పడ్డ. నువ్వొచ్చి పండ్లు గోదాట్ల పడ్డయంటే సరే అన్న. పన్నెండు దినాలు నీ ముంగట నవ్వుకుంట గంజి పోసిన. నువ్వు మోసిందేంది? కొట్టెయ్."